పాత అచ్చులో కొత్త కారు



మాస్టారు ఈ కాలేజీలో మాకు ఇంజనీరింగ్ డ్రాయింగు చెప్పేవారు. మొదటి వారమంతా బోర్డు ముట్టుకోనిచ్చేవారు కాదు. వర్క్‌షాపు షెడ్డు ఎదురుగా మమ్మల్ని వరసగా నిలబెట్టేవారు. చెయ్యి బారుగా చాచి, పెన్సిలు నిలువుగా పట్టుకుని, ఒక కన్ను మూసి, షెడ్డు ఎత్తూ వెడల్పూ బొటనవేలి గోరుతో కొలవమనేవారు. రెండు కళ్ళతో చూస్తే షెడ్డు కనబడుతుంది, ఒక కన్ను మూస్తే దాని కొలత కనబడుతుంది అనేది ఆయన మాట.

ఆ చదువుతోనే నేను ఒక ప్రెస్ షాపు టూల్ రూములో చేరాను. 31 ఏళ్ళు రేకు వంచే డైలు చేశాను. ఈ ఏడు మాస్టారి పేరున మాట్లాడమని నన్ను పిలిచినప్పుడు మరో ఆలోచన లేకుండా ఒక మనిషి గుర్తొచ్చారు. ఆరేళ్ళ వయసు నుంచి ఆఖరిదాకా ఒక్క కన్నుతోనే లోకాన్ని చూసి, 35 ఏళ్ళపాటు అమెరికా కార్లకు రూపం దిద్దిన రిచర్డ్ టీగ్. ఆ పరిశ్రమలో అందరూ ఆయన్ని డిక్ టీగ్ అనేవారు.

టీగ్ 1923 డిసెంబరు 26న లాస్ ఏంజిలిస్‌లో పుట్టారు. తల్లి మూకీ సినిమాల్లో వేషాలు వేసేది. పిల్లవాడు కూడా ఐదేళ్ళకే కెమెరా ముందుకొచ్చాడు, అదీ ఆడపిల్ల వేషంలో, డిక్సీ డువాల్ అనే పేరుతో. ఆరో ఏట తల్లి నడుపుతున్న కారును, తాగి బండి నడుపుతున్నవాడొకడు ఎదురుగా వచ్చి గుద్దాడు. పిల్లవాడి కుడి కన్ను పోయింది, దవడ విరిగింది, పళ్ళు రాలిపోయాయి. తల్లి మళ్ళీ కోలుకోలేదు. ఏడాది తిరక్కుండానే తండ్రి మరో ప్రమాదంలో పోయాడు. అక్కడా బండి నడిపినవాడు తాగి ఉన్నవాడే. ఆ ఇంట్లో అంత నాశనం చేసిన వస్తువు మీద ఆ పిల్లవాడికి ద్వేషం పుట్టి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. అతను మాత్రం కార్ల బొమ్మలు వేస్తూ పెరిగాడు.

రెండో ప్రపంచ యుద్ధంలో కన్ను కారణంగా సైన్యంలోకి తీసుకోలేదు. నార్త్‌రాప్ విమానాల కంపెనీలో సాంకేతిక చిత్రకారుడిగా చేరారు. విమాన భాగాలు ఎలా విప్పాలో ఎలా బిగించాలో చూపించే బొమ్మలు వేయటం అక్కడ పని. రాత్రి పూట ఆర్ట్ సెంటర్ అనే కళాశాలలో చదువుకున్నారు. 1948లో జనరల్ మోటార్స్‌లో ఉద్యోగం దొరికింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. రెండు కళ్ళకీ మధ్య రెండున్నర అంగుళాల దూరం ఉంటుంది. ఆ దూరం వల్ల రెండు కళ్ళకూ కొద్దిగా తేడాగా రెండు బొమ్మలు పడతాయి. ఆ తేడాలోంచే మెదడు లోతును తెలుసుకుంటుంది. కన్ను ఒక్కటే అయితే లోతు వేరే దారుల్లో తెలియాలి. వెలుగు ఎక్కడ తగ్గి నీడ ఎక్కడ మొదలవుతోంది, ఏ అంచు దేన్ని మరుగుచేస్తోంది, తల కాస్త పక్కకు జరిపితే ఏది ఎంత కదులుతోంది అన్న వాటిని బట్టి పోల్చుకోవాలి. కారు డిజైనరు పని కూడా ఇదే. మట్టి నమూనా మీద వెలుగు ఎలా జారుతోందో, నడుము గీత ఏ మలుపులో చచ్చుబడుతోందో చూడటం. మనకు కష్టపడితే గాని పట్టుబడని చూపు ఆయనకు ఆరేళ్ళ నుంచీ తప్పనిసరైన రోజువారీ చూపు. దెబ్బ మంచిదని నేను అనను. కానీ ఆ చూపు ఆయన పనిలో ఉందని నేను నమ్ముతాను.

ఆ రోజుల్లో జనరల్ మోటార్స్‌లో డిజైను అంటే హార్లీ ఎర్ల్. 1927 నుంచీ ఆయనే ఆ విభాగానికి అధిపతి. ఏటేటా కారు రూపం మార్చాలి, నిరుటి కారు పాతదిగా కనబడాలి, కొన్నవాడు మళ్ళీ కొనాలి. 1948 క్యాడిలాక్ వెనక మడ్గార్డు మీద లేచిన చిన్న రెక్కతో మొదలై, పదేళ్ళు తిరిగేసరికి అమెరికా అంతా రెక్కల మయం అయింది. అమెరికా కార్ల డిజైను చరిత్ర చెప్పేవాళ్ళంతా ఎర్ల్ దగ్గరో, క్రైస్లర్‌లో వర్జిల్ ఎక్స్‌నర్ దగ్గరో ఆగుతారు. వాళ్ళు గొప్పవాళ్ళే. కానీ వాళ్ళ చేతిలో డబ్బుంది. డబ్బు లేని చోట పని చేసినవాడి గురించి మాట్లాడాలని నా కోరిక.

డబ్బు అంటే ఏమిటో టూల్ రూము మనిషిగా చెబుతాను. కారు మడ్గార్డు ఒక్క దెబ్బకు తయారు కాదు. మొదటి డై చదును రేకును లోతుకు లాగి ఆకారం తెస్తుంది. రెండోది చుట్టూ మిగిలిన అంచు కోస్తుంది. తర్వాతది చిల్లులు కొడుతుంది, ఆపైది అంచు మడుస్తుంది. ఒక్కో డై టన్నుల బరువున్న పోత ఇనుము. మిషను మీద చెక్కటం అయ్యాక అసలు పని మొదలవుతుంది. డై ముఖానికి నీలం పూస్తాం. ప్రెస్సు దించి రేకు తీసి చూస్తాం. నీలం ఎక్కడ అంటిందో అక్కడ తగులుతున్నట్టు, అంటని చోట గాలి ఉన్నట్టు. తగిలిన చోట చేత్తో రాయి పెట్టి రుద్దుతాం. మళ్ళీ నీలం, మళ్ళీ ప్రెస్సు, మళ్ళీ రాయి. ఇలా వారాలు. ఇదంతా ఒక్క మడ్గార్డుకు, అదీ ఒక పక్కకు. ఎడమ మడ్గార్డు డై కుడి మడ్గార్డుకు పనికిరాదు. లక్ష కార్లు చేసినా పది లక్షలు చేసినా డైల ఖర్చు ఇంచుమించు ఒక్కటే. అందుకే లక్షల్లో అమ్మేవాడు ఏటేటా రూపం మార్చగలడు. కొద్దిగా అమ్మేవాడు ఒకసారి డైలు చేయించుకుంటే ఏళ్ళ తరబడి వాటితోనే కాపురం చెయ్యాలి.

1950ల మొదట్లో టీగ్ అలాంటి ఇంటికే వెళ్ళారు. ప్యాకార్డ్ ఒకప్పుడు అమెరికాలో దొరల కారు. ఆయన వెళ్ళేసరికి కంపెనీ దిగజారుతోంది. 1955కి కొత్త కారు కావాలి, కొత్త బాడీకి సొమ్ము లేదు. చేతిలో ఉన్నది 1951 నాటి బాడీ. నడి భాగం ముట్టుకోకుండా కొసలు మార్చాలి. ముందు కొత్త గ్రిల్లు వచ్చింది, పక్కలకు తిరిగిన అద్దం వచ్చింది. వెనక మడ్గార్డు కొసన టీగ్ ఒక దీపం నిలబెట్టారు. నిలువుగా, పైన మొన తేలి, చర్చి కిటికీ ఆకారంలో ఎర్ర అద్దం. దాన్ని ఇప్పటికీ కెథీడ్రల్ టెయిల్ లైటు అంటారు. ఆ కారును వెనక నుంచి చూసినవాడికి అది నాలుగేళ్ళ పాత బాడీ అని తట్టదు. కళ్ళు ఆ దీపం దగ్గర ఆగిపోతాయి. పాత కార్లను తమ ఇష్టానికి మలుచుకునే కుర్రాళ్ళు ఆ దీపాలను ఊడదీసి వేరే కంపెనీల కార్లకు బిగించుకునేవాళ్ళు.

దీపం బాగుంది గాని కంపెనీ నిలబడలేదు. 1956తో డెట్రాయిట్‌లో ప్యాకార్డ్ తయారీ ఆగింది. స్టుడిబేకర్ బాడీకి ఆ పేరు తగిలించి 1958 దాకా లాగారు. టీగ్ కొంతకాలం క్రైస్లర్‌లో ఇమడలేక గడిపి, 1959లో అమెరికన్ మోటార్స్‌కు వచ్చారు.

1954లో నాష్, హడ్సన్ కలిసిపోగా పుట్టిన కంపెనీ అది. జనరల్ మోటార్స్, ఫోర్డ్, క్రైస్లర్ అనే మూడు ఏనుగుల పక్కన నిలబడ్డ నాలుగోది. 1961లో పాత డిజైన్ అధిపతి ఎడ్మండ్ ఆండర్సన్ వెళ్ళిపోయాక ఆ బాధ్యత టీగ్ మీద పడింది. 1964లో వైస్ ప్రెసిడెంట్ అయ్యారు. పదవి పెద్దదే, గదిలో మనుషులు కొద్దిమంది. ఆయన మొదటి పెద్ద విజయం 1964 ర్యాంబ్లర్ అమెరికన్. పెద్ద ర్యాంబ్లర్ తలుపులూ ముందు అద్దమూ తీసుకుని, ముందూ వెనకా కుదించి, వీల్‌బేస్‌ను, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరాన్ని, 112 అంగుళాల నుంచి 106కు దించి చేసిన కారు. అరువు సరుకుతో చేసినదని చెబితే తప్ప తెలియదు. గీతలో అంత నిబ్బరం ఉంది.

ఆ ఏడాదే ఆయన మనసు పెట్టి చేసిన మరో నమూనా, టార్పాన్. చిన్న అమెరికన్ ఛాసీ మీద వెనక్కి జారిన పైకప్పు. ఫోర్డ్ మస్టాంగ్ 1964 ఏప్రిల్‌లో వచ్చి ఊళ్ళు ఏలుతుంటే, దానికి సమాధానం వీళ్ళ షెడ్డులోనే ఉంది. కానీ కంపెనీ అధ్యక్షుడు రాయ్ ఎబర్నెథీకి పెద్ద కారు కావాలి. ఆ రూపాన్ని పెద్ద ర్యాంబ్లర్ అయిన క్లాసిక్ ఛాసీ మీదికి ఎక్కించారు, వెనక కూర్చునేవాళ్ళ తల తగలకూడదని పైకప్పు లేపారు. మార్లిన్ అనే పేరుతో 1965లో వచ్చి, ఆ ఏడాది 10,327 మాత్రమే తయారయ్యాయి. గీత ఒక అంగుళం పైకి లేస్తే కారు ఏమవుతుందో తెలుసుకోవాలంటే టార్పాన్ ఫోటో, మార్లిన్ ఫోటో పక్కపక్కన పెట్టుకుని చూడండి.

ఇక నేను ఈ ఉపన్యాసానికి ఒప్పుకోవటానికి కారణమైన కారు గురించి. అది ఎన్నడూ అమ్మకానికి రాలేదు. 1966లో అమెరికన్ మోటార్స్ నాలుగు నమూనా కార్లను ఊరూరా తిప్పి చూపించింది. వాటిలో ఒకటి కావలియర్. చూడటానికి సాదా నాలుగు తలుపుల కారు. దాని ముందు ఎడమ మడ్గార్డు ఊడదీసి వెనక కుడి పక్కకు బిగించవచ్చు. ముందు కుడిది వెనక ఎడమకు సరిపోతుంది. తలుపులూ అంతే, ఎదురు మూలలవి ఒకటే. బానెట్టే డిక్కీ మూత. ముందు బంపరే వెనక బంపరు.

ఇక్కడున్న డ్రాయింగ్ విద్యార్థులు దీన్ని కాగితం మీద వేసి చూడాలి. పైనుంచి చూసిన కారు బొమ్మ గియ్యండి. మధ్యలో సూది గుచ్చి కాగితాన్ని సగం చుట్టు తిప్పండి. ముందు ఎడమ మూల వెనక కుడి మూలకు వస్తుంది. అద్దంలో చూసినట్టు తిరగబడదు, ఉన్నదున్నట్టుగా వస్తుంది. అందుకే ఒకే డై రెండు చోట్ల పనికొస్తుంది. నాలుగు మడ్గార్డులకు నాలుగు జతల డైలు అక్కర్లేదు, రెండు చాలు. కానీ దీనికి చెల్లించాల్సిన ధర కూడా కాగితం మీదే కనబడుతుంది. ముందు సగం, వెనక సగం ఒకే కొలతలో ఉండాలి. చక్రం మీది కమాను, నడుము గీత, మడ్గార్డు వాలు అన్నీ రెండు దిక్కులకూ ఒప్పాలి. వెనక తలుపు కీలు వెనక వైపుకు పోతుంది. ఇన్ని కట్టుబాట్లు ఉండి కూడా కారు ముందుకు పోతున్నట్టు కనబడాలి, ఏది ముఖమో ఏది వీపో తెలియాలి. టీగ్ దీన్ని సాధించారు. డై చేసే చేతులకు ఇంత గౌరవం ఇచ్చిన డిజైను నేను మరొకటి చూడలేదు. ప్రతి గీత వెనకా ఆ నీలం పూసే మనిషి శ్రమ ఎంతో లెక్క ఉంది.

కావలియర్ ఛాయలు 1969 సెప్టెంబరులో వచ్చిన హార్నెట్‌లో కనబడ్డాయి. మూడేళ్ళ పని, 4 కోట్ల డాలర్ల ఖర్చు. ఆ కంపెనీకి అది ప్రాణం పణంగా పెట్టటమే.

దానికి ముందే 1968లో ఒక కోత జరిగింది. జావెలిన్ అనే నాలుగు సీట్ల స్పోర్ట్స్ కారు నడిమికి 12 అంగుళాలు తగ్గించి, వెనక సీటు తీసేసి రెండు సీట్ల ఏఎంఎక్స్ చేశారు. వీల్‌బేస్ 109 నుంచి 97కు వచ్చింది. ధర 3,245 డాలర్లు, షెవర్లే కార్వెట్ కంటే వెయ్యికి పైగా తక్కువ. మూడేళ్ళలో 19,134 మాత్రమే చేశారు. ఆయన కార్లన్నిటిలో దాని నిలబడే తీరు నాకు ఎక్కువ ఇష్టం. పొడవు తగ్గించగానే చక్రాలు పెద్దవైనట్టు, వెనక స్తంభం బలిసినట్టు, బండి దూకటానికి ఒదిగి కూర్చున్నట్టు అయింది. కొత్తగా చేర్చింది తక్కువ, తీసేసింది ఎక్కువ.

మరుసటి కోత పేరు లోకమంతా ఎరుగును. 1966లో టీగ్ విమానంలో వెళ్తున్నారు. చిన్న కారు కావాలి, వేరే డైలకు డబ్బు లేదు అన్న ఆలోచన బుర్రలో తిరుగుతోంది. వాంతి వస్తే వాడుకోమని సీటు జేబులో పెట్టే కాగితం సంచి తీసి, దాని మీద ఒక కారు గీశారు. ముందు సగం పెద్ద కారుదే, తలుపు దాటాక తోక లేదు, పైకప్పు నుంచి ఏటవాలుగా దిగిపోతుంది. దాన్ని డిజైనర్ బాబ్ నిక్సన్ పూర్తి రూపానికి తెచ్చారు. 1970 ఏప్రిల్ 1న గ్రెమ్లిన్ పేరుతో విడుదలైంది. హార్నెట్ వీల్‌బేస్ 108 అంగుళాలైతే దీనిది 96. వెనక సీటు లేని, వెనక అద్దం తెరుచుకోని రకం 1,879 డాలర్లు. సీటూ, పైకి లేచే అద్దమూ ఉన్నది 1,959. ఫోర్డ్ పింటో, షెవర్లే వేగా రావటానికి ఇంకా ఐదు నెలలుంది. ఆ రెండిటికీ పెద్ద కంపెనీలు కొత్త బాడీలు చేయించుకుంటే, వీళ్ళు ఉన్నదాన్ని కోసుకుని ముందు నిలబడ్డారు. 1978 దాకా 6,71,475 గ్రెమ్లిన్లు తయారయ్యాయి.

ఆ కారును చూసి జనం చాలా అన్నారు. నేను దాన్ని అందమైన కారు అనను. వెనక సీటు ఇరుకు, బరువంతా ముందు చక్రాల మీదే. కానీ దాని గీతలో అబద్ధం లేదు. కోశాం అని దాచుకోలేదు. కోసిన చోటునే ముఖం చేసుకుంది. మన బస్తీల్లో చీర చింపి లంగా కుట్టే అమ్మలు అంచును కనబడేలా పెడతారు చూడండి, అలా.

ఆ తర్వాత చేసిన పేసర్ అనే కారు దగ్గర లెక్క తప్పింది. అందులో కొంత భాగం వాళ్ళ చేతుల్లో లేదు. లోపల మనుషులు హాయిగా కూర్చునే చోటు ముందు ఖాయం చేసి, దాని చుట్టూ రేకు చుడదాం అనుకున్నారు. పొడవు 171 అంగుళాలే, వెడల్పు 77. ఒంటిలో 37 శాతం అద్దమే. వెనక్కి ఎక్కేవాళ్ళు రోడ్డు వైపు కాక కాలిబాట వైపు ఎక్కుతారని, ఆ పక్క తలుపు డ్రైవరు తలుపు కంటే 4 అంగుళాలు పొడుగు చేశారు. అంత చిన్న ముక్కులో జనరల్ మోటార్స్ చేస్తున్న రోటరీ ఇంజన్ పెట్టాలన్నది పథకం. ఆ కంపెనీ 1974లో రోటరీని వదిలేసింది. డైలు అప్పటికే సిద్ధం. చేతిలో ఉన్నది తమ పాత ఆరు సిలిండర్ల పొడుగాటి ఇంజన్. దాని వెనక భాగాన్ని డ్యాష్‌బోర్డు కిందికి తోసి ఇరికించారు. కారు బరువెక్కింది. 1973 చమురు సంక్షోభం తర్వాత పెట్రోలు లెక్క చూసుకుంటున్న జనం మొదటి ఏడాది ఎగబడి కొని, తర్వాత వదిలేశారు. 1980 మోడల్‌తో తయారీ ఆగింది.

పేసర్‌ను వైఫల్యాల జాబితాల్లో చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. ఆ తలుపు ఆలోచించిన మనసును ఎవరూ లెక్కపెట్టరు. కొత్త బాడీ, కొత్త డైలు చేసుకునే అవకాశం ఆయనకు అరుదుగా దొరికింది. దొరికినప్పుడు లోపల ఇంజనే మారిపోయింది.

హార్నెట్ బాడీ మాత్రం ఆగలేదు. అదే కాంకార్డ్ అయింది. గ్రెమ్లిన్ అచ్చు స్పిరిట్ అయింది. 1979లో అదే ఒంటికి నాలుగు చక్రాల డ్రైవు అమర్చి ఈగిల్ అన్నారు. మామూలు ఇంటి కారు మంచులోనూ బురదలోనూ పోయేలా చేసిన ఆ పద్ధతి ఇవాళ ప్రతి వీధిలో కనబడుతోంది. ఈగిల్ 1987 డిసెంబరు దాకా తయారైంది. 1969 నాటి ఒళ్ళు, 18 ఏళ్ళు.

1970లో అమెరికన్ మోటార్స్ కైజర్ కంపెనీ నుంచి జీప్‌ను కొన్నది. మన మహీంద్రా జీపుకు మూలమైన విల్లీస్ వంశమే అది. దానితో జీపుల రూపం కూడా టీగ్ గది పరిధిలోకి వచ్చింది. ఆయన ఆఖరి పెద్ద పని 1983 శరత్కాలంలో వచ్చిన కొత్త చెరొకీ. పాత చెరొకీ కంటే 21 అంగుళాలు పొట్టి, 4 అంగుళాలు ఎత్తు తక్కువ, దాదాపు 1,000 పౌన్లు బరువు తక్కువ. వేరే ఛాసీ లేకుండా బాడీనే ఎముకలుగా కట్టారు. ఇంజనీరింగ్ రాయ్ లన్‌ది, రెనో నుంచి వచ్చిన ఫ్రాన్స్వా కాస్టెయిన్ చెయ్యి కూడా ఉంది. గీతలో బాబ్ నిక్సన్ పాలు పెద్దది. తన గది మనుషుల పేరు చెప్పకుండా టీగ్ గొప్పతనం చెప్పటం న్యాయం కాదు. పక్కలు చదును, అద్దాలు చదును, చక్రాల మీది కమాను గుండ్రంగా కాక కోణాలతో. ఎక్కడా అలంకారం లేదు. ప్యాకార్డ్ దీపం గీసిన మనిషికి ఈ వయసుకు ఆ పాటి అలంకారం కూడా అక్కర్లేకపోయింది.

టీగ్ 1983 చివర పదవీ విరమణ చేశారు. 1987లో క్రైస్లర్ అమెరికన్ మోటార్స్‌ను కొన్నది, ముఖ్యంగా జీప్ కోసం. టీగ్ 1991లో 67వ ఏట పోయారు. ఒహాయోలోని టొలీడోలో చెరొకీ తయారీ 2001 దాకా సాగింది. మొత్తం 28 లక్షలకు పైగా.

ఇక మాస్టారి పేరున ఉన్న నిధి వడ్డీతో ఏటా ఇచ్చే డ్రాయింగ్ బోర్డు, మినీ డ్రాఫ్టరు ఈ ఏడు ఇద్దరికి దక్కాయి. ఇద్దరూ రెండో వరసలో కూర్చున్నారు. వాళ్ళు వేసిన బొమ్మలు బయట వరండాలో తగిలించి ఉన్నాయి. వర్క్‌షాపు షెడ్డు బొమ్మ కూడా ఉంది అందులో. వెళ్ళేటప్పుడు ఆగి చూడండి.